జల్లెడ, గీత, పదిహేడు

బజారు, కింది అంతస్తు, గుమ్మం పక్క
వానలు మొదలైన రెండో వారం

ఒసే చెల్లెలి మనవరాలా,

ఇక్కడంతా కులాసా అని మొదలుపెట్టబోయాడు రాసే ఆయన. ఆపాను. కులాసాగా లేనప్పుడు ఆ ముక్కకి సిరా దండగ. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చెయ్యను. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు "సరే పెద్దమ్మమ్మా, సరే పెద్దమ్మమ్మా" అంటావు, ఇద్దరం పెట్టేస్తాం. అరుపు గాలికి పోతుంది. కాగితం మీద పడితే అది కేసు. ఇది నీ మీద నా కేసు. మొదట్నుంచీ చెబుతాను, మధ్యలో అడ్డం రాకు.

నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. నేను చెబుతుంటే పక్క కొట్టు తాళాలాయన రాస్తున్నాడు. మారుతాళాలు చేస్తాడు, దస్తూరి బాగుంటుంది. నన్ను అక్కా అంటాడు, నాకన్నా రెండేళ్లు పెద్దవాడై ఉండి. పక్కపక్కనే కూర్చుంటాం గానీ ఆయన కొట్టు నంబరు ఒకటి, నాది పదిహేడు. ఎందుకంటే ఎవరు ముందు కాగితం నింపితే వాళ్లకి ముందు నంబరు ఇచ్చారు. ఆయనకి చదువుంది, ఒకటి వచ్చింది. నాకు నింపిపెట్టేవాడు దొరికేసరికి పదిహేడైంది.

నిరుడు బజారుకి సైటు పెట్టాలన్నప్పుడు కమిటీ ముందు నిలబడి, "మా పిల్ల చేస్తుంది, వంక పెట్టలేరు" అన్నది ఎవరు? నేను. ప్రతి కొట్టుకీ ఒక పేజీ అన్నావు. నా పేజీ అడ్రసు కాగితం మీద రాసిచ్చి, "ఇది కొడితే మనుషులు తిన్నగా నీ కొట్లోకే వస్తారు పెద్దమ్మమ్మా" అన్నావు. నాకు అక్షరం రాదు గానీ నా సూదికి వచ్చు. నువ్వు రాసినది ఉన్నదున్నట్టు కుట్టాను. నేను బాగుచేసిన ప్రతి గొడుక్కీ, చుట్టి బొత్తాం పెట్టే పట్టీ ఉంటుంది చూడు, దాని లోపలివైపు. ముందు బజారు పేరు నీలం దారంతో. తర్వాత ఒక ఏటవాలు గీత. తర్వాత జల్లెడ, అదే, నిలువు రెండు, అడ్డం రెండు. మళ్లీ గీత. పదిహేడు. జల్లెడ మాత్రం ఎర్ర దారం. అన్నింట్లోకీ అందమైనది అదే.

నిరుడు వానల్లో ఆ పట్టీ చూసి రోజుకి పాతికా ముప్పైమంది నా పేజీకి వచ్చేవాళ్లు. నెల కిందట నువ్వు సైటుకి ఏదో మెరుగులు దిద్దావట. అప్పట్నుంచీ ఈగ వాలలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మేనేజరు గోడకి కాగితం అంటించాడు. వానలు పోయేలోగా ఎవరి పేజీకి ఎంతమంది వచ్చారో చూస్తారట. ఎక్కువమంది వచ్చిన కొట్టుకి గుమ్మం పక్క చోటు. అందరికన్నా తక్కువొచ్చిన కొట్టు మూడో అంతస్తుకి. ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ గుమ్మం పక్కన కూర్చున్నదాన్ని. నా పేజీకి పదకొండుమంది. తాళాలాయన పేజీకి ఆరువందల ఇరవై. ఏమే, ఊళ్లో అందరి తాళాలూ ఒక్కసారే పారేసుకున్నారా?

సమాధానం చెప్పు. కాగితం మీద.

నీ అమ్మమ్మకి అక్క

(అమ్మాయీ, ఆవిడ చెప్పిన తిట్లలో రెండు రాయలేదు. మిగతావన్నీ ఉన్నాయి. ఇట్లు తాళాలాయన.)


ఆఫీసు, ఐదో అంతస్తు, కిటికీ బల్ల

పెద్దమ్మమ్మా,

నీ కేసు అందింది. మా ఆఫీసుకి కాగితం ఉత్తరం వచ్చిందంటే జనం చుట్టూ మూగారు. తిట్లు ఏవి మిగిలాయో తాతగారిని అడిగి తెలుసుకుంటాను.

చాలా చిన్న సంగతి. కంగారు పడకు. నీ బజారు సైటు చూడ్డానికి బోలెడు పేజీల్లా ఉంటుంది గానీ నిజానికి ఒకటే పేజీ. ఒకే గది అనుకో. నువ్వు తాళాల కొట్టు చూసి గొడుగుల కొట్టుకి వెళ్లినప్పుడు నువ్వు ఎక్కడికీ కదలవు, గదిలో తెర మారుతుంది. ఇప్పుడు ఏ తెర దించాలి అని పైన రాసిన అడ్రసు చూసి చెప్పే పనివాడు లోపల ఒకడుంటాడు. వాణ్ణి మేం రౌటర్ అంటాం.

ఆ జల్లెడ పాత పద్ధతి. అందంగా ఉండదు, ఈ రోజుల్లో ఎవరూ పెట్టరు. మా టీమ్ పెద్దావిడ చూసి "ఇదేంటి, దారి మధ్యలో కంచె వేసినట్టు" అంది. తీసేశాను. ఇప్పుడు అడ్రసు నున్నగా ఉంది. బజారు పేరు, గీత, పదిహేడు. అంతే.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిందల్లా పట్టీ మీద జల్లెడనీ, ఒక గీతనీ విప్పేయడం. రెండు నిమిషాల పని.

తాళాల తాతగారికి నమస్కారాలు. ఆరువందల ఇరవై అంటే మాటలా! అభినందనలు.

నీ
కిటికీ పిల్ల


బజారు, గుమ్మం పక్క (ప్రస్తుతానికి)

రెండు నిమిషాల దానా,

ఆ మాట ఆయన మూడుసార్లు చదివాడు. నేనే చదవమన్నాను, చెవులు సరిగ్గా వింటున్నాయో లేదో చూసుకుందామని.

మూడువందల నలభై గొడుగులు. అవి నా దగ్గర లేవే. ఊళ్లో ఉన్నాయి. బస్సుల్లో ఉన్నాయి, ఆస్పత్రి వరండాలో ఉన్నాయి, ఎవరింటి తలుపు వెనకో వేలాడుతున్నాయి. కొన్ని చేతులు మారాయి, కొన్ని మరిచిపోయిన చోటే ఉన్నాయి. వానలో నడిచేవాడికి అడ్డం నిలబడి, "అయ్యా, ఒకసారి గొడుగు మూసి నిలబడు, మా పిల్లకి జల్లెడ నచ్చలేదట, విప్పాలి" అనమంటావా?

ఇల్లు మారేవాడు పాత గుమ్మానికి ఒక కాగితం ముక్క అంటించి పోతాడు, ఫలానా వీధిలో ఉన్నాం అని. అద్దెకున్నవాడికి కూడా ఆ బుద్ధి ఉంటుంది. సొంత సైటు కట్టినదానివి, నీకు లేదా?

అయినా పెద్దదాన్ని, నీ మాట కొట్టెయ్యకూడదని ఒక్క పట్టీ కొత్తగా కుట్టాను. జల్లెడ లేకుండా. చూడ్డానికి కమ్మలు లేని చెవిలా ఉంది. బస్సు కండక్టరమ్మ గొడుక్కి పెట్టాను. ఆవిడ ఇక్కడే నిలబడి ఫోన్‌లో కొట్టింది. ఏమొచ్చిందో తెలుసా? "మీరు అడిగిన పేజీ లేదు." నేను ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నాను, నేను లేనని చెబుతోంది నీ సైటు! సరే, సైటు ముందు గుమ్మంలోంచి ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోతే నా కొట్టు వచ్చింది. హమ్మయ్య అనుకుని ఆవిడ ఆ గుండ్రటి బాణం నొక్కింది. మళ్లీ లేనంది. ఉన్నానా లేనా, ఒక మాట మీద నిలబడమను.

పాత దారి మూసేశావు, కొత్త దారి వెయ్యలేదు. నన్ను గాల్లో వేలాడదీశావు.

మూడో అంతస్తు గురించి నీకు తెలియదు. తడిసిన మనిషి మూడంతస్తులు ఎక్కడు. ఎక్కినా, ఎక్కేసరికి ఆరిపోతాడు, ఇంక వాడికి గొడుగెందుకు? పైన కప్పు ఎంత కిందికి ఉంటుందంటే పెద్ద గొడుగు విప్పితే కొసలు తగులుతాయి. విప్పకుండా ఏ ఊచ విరిగిందో ఎలా చూడను? నా పనికి వెలుతురు కావాలి, వాన కనబడాలి. ఇది పంతం కాదే. పని.

నీ మీద కోపంగా ఉన్న
పెద్దమ్మమ్మ

(అమ్మాయీ, ఆవిడ చెప్పడం అయిపోయింది, ఇది నేను రాస్తున్నాను. నెల రోజులుగా నా ఫోన్ మోగుతూనే ఉంది. గొడుగు ఊచ విరిగింది, గొడుగు బొత్తాం ఊడింది అని. పట్టీ మీద అడ్రసు కొడితే నా కొట్టు వస్తోందట. మొదట్లో ఇద్దరు ముగ్గురికి చెప్పాను. తర్వాత లెక్క గోడకెక్కింది. గుమ్మం పక్క చోటు నాకే రాబోతోందని తెలిశాక, రాంగ్ నంబర్ అని పెట్టేస్తున్నాను. నా చోటు చీకట్లో ఉంటుంది, తాళంచెవి పళ్లు కనబడక రోజూ వేలు కోసుకుంటున్నాను. అది సాకు కాదు, ఊరికే చెబుతున్నాను. ఆవిడకి చెప్పకు.)


ఆఫీసు, కిటికీ బల్ల, మధ్యాహ్నం భోజనం మానేసి

పెద్దమ్మమ్మా,

తప్పు నాదే. పూర్తిగా నాదే. కాగితం మీద రాస్తున్నాను, దాచుకో.

నా బల్ల మీద కొత్త అడ్రసు చక్కగా పనిచేసింది. నా కంప్యూటర్ మంచిది, నేనేం అడిగినా ఆ ఒక్క పేజీనే తెచ్చి చేతిలో పెడుతుంది, లోపలున్న పనివాడు తెర దించుతాడు. కానీ బజారు సైటు ఉండే పెద్ద కంప్యూటర్‌కి ఆ సంగతి నేను చెప్పలేదు. దానితో "గీత పదిహేడు" అంటే పదిహేడు అనే కాగితం ఎక్కడుందా అని అలమార్లు వెతుక్కుంటుంది. లేదు కాబట్టి లేదంటుంది. పాపం అది నిజమే చెబుతోంది. "ఎవరు ఏమడిగినా ఆ ఒక్క పేజీనే ఇవ్వు, మిగతాది లోపలివాడు చూసుకుంటాడు" అని దానికి ఒక ముక్క రాసి ఉండాల్సింది. రాయలేదు.

ఇక పాత అడ్రసు. నువ్వు జల్లెడ అన్నావే, నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. నిజంగానే అది జల్లెడ పెద్దమ్మమ్మా! ఇన్నాళ్లూ ఈ పని చేస్తున్నాను, నాకు ఎవరూ అంత బాగా చెప్పలేదు. అడ్రసులో జల్లెడ ముందున్నదే పెద్ద కంప్యూటర్ దాకా వెళుతుంది. జల్లెడా, దాని వెనకున్నదీ ఇక్కడే, కొట్టినవాళ్ల ఫోన్‌లోనే ఆగిపోతాయి. నీ పదిహేడు గడప దాటదు. పాత పద్ధతిలో లోపలివాడు ఆ ఆగినదాన్ని చూసి తెర దించేవాడు. నేను వాడికి, జల్లెడ వైపు చూడకు అని చెప్పేశాను. నంబరు లేకుండా ముందు గుమ్మంలోకి వచ్చినవాళ్లకి ఖాళీ గది చూపించడం ఎందుకని, వాళ్లందరినీ ఒకటో నంబరుకి పంపమని కూడా చెప్పాను.

తాళాల తాతగారూ, ఈ నాలుగు లైన్లు మీకు. మీ సంగతి నేను చెప్పను, మీరే చెప్పండి. పెద్దమ్మమ్మ అరుస్తుంది గానీ మనిషిని వదిలెయ్యదు. నేనే అందుకు సాక్ష్యం.

ఇంకో చెడ్డ కబురు. పోయిన నెల నీ కోసం ఎంతమంది వచ్చారో లెక్క తియ్యగలనేమో అని చూశాను. తియ్యలేను. పెద్ద కంప్యూటర్ పుస్తకంలో వాళ్లంతా ముందు గుమ్మంలోకి వచ్చినవాళ్లే, ఎవరి చేతిలో ఏ నంబరు ఉందో రాసి లేదు. జల్లెడలో ఆగిపోయింది కదా.

కానీ ఇకముందు బాగుచెయ్యగలను. పెద్ద కంప్యూటర్‌కి ఆ ముక్క రాసిపెడతాను. పాత గుమ్మానికి కాగితం అంటిస్తాను. జల్లెడతో వచ్చినవాళ్లని లోపలివాడు గుర్తుపట్టి నీ కొట్లోకి తీసుకెళతాడు. మా పెద్దావిడ, "పాత అడ్రసులు ఎవరు పట్టించుకుంటారు, వేరే పని చూడు" అంది. అందుకే భోజనం వేళ చేస్తున్నాను. పై సోమవారం పొద్దున పెట్టేస్తాను.

రెండు నిమిషాలు అన్నందుకు చెంపలేసుకుంటున్నాను.

నీ
కిటికీ పిల్ల


బజారు, గుమ్మం పక్క

ఒసే బుజ్జీ,

సోమవారం పొద్దున పెట్టకు! ముందు ఆ మాట రాయించాను, లేకపోతే కబుర్లలో పడి మరిచిపోతాను. ఎందుకో చెబుతాను.

ఈ ఉత్తరం రాస్తున్నది తాళాలాయనే. తన దొంగతనం తన చేత్తోనే రాస్తున్నాడు. రాయి నాయనా, రాయి. దొంగతనం అన్న ముక్క పెద్ద అక్షరాలతో రాయి.

పోయినసారి నేను చెప్పి ఆపాక కూడా ఈయన కలం కదులుతూనే ఉంది. ఏమిటని అడిగితే, "పోస్టు అడ్రసు రాస్తున్నానక్కా" అన్నాడు. ఎనిమిది లైన్ల అడ్రసు! ఆ ఇల్లు ఎక్కడుందో, చంద్రుడి మీదేమో. ఊరుకున్నాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. చదువుతూ ఒకచోట ఆగి దగ్గడం మొదలుపెట్టాడు. నీళ్లు ఇచ్చాను. దగ్గు తగ్గాక చదివినది కొంచెం కిందనుంచి. నాకు చదవడం రాదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన వేలు ఎక్కడాగిందో, ఎక్కడ మొదలైందో చూడ్డం వచ్చు. ఆ దగ్గు సరిగ్గా నాలుగు లైన్ల పొడుగుంది.

ఎవరి దగ్గరికైనా తీసుకెళ్లి చదివించుకోవచ్చు. కండక్టరమ్మ చదువుతుంది. వద్దనుకున్నాను. పక్కవాడి గుట్టు మూడోమనిషి నోట వినడం ఏం మర్యాద? పువ్వులు దించినట్టే దించాను. ఆ నాలుగు లైన్ల మీద పల్చటి కాగితం పెట్టి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, దాన్ని గుడ్డ మీద పరిచి బొగ్గుపొడి రుద్దాను. ఈయన నల్ల గొడుగు ఊచ విరిగి నా దగ్గరే ఉంది. దాని పట్టీ మీద కుట్టాను. ఎర్ర దారం. పట్టీ చాలక ఇంకో ముక్క అతికాను. మూడు రోజులు పట్టింది. నీ దస్తూరి కోడి కెలికినట్టుంటుంది, ఇకమీద గుండ్రంగా రాయి.

నిన్న గొడుగు ఇచ్చాను. "తాళాలోడా, నీ గొడుగు తయారు. పట్టీ మీద ఏదో కుట్టాను, ఏముందో నాకు తెలియదు. బాగుందో లేదో చదివి చెప్పు" అన్నాను.

పట్టీ విప్పాడు. విప్పుతూనే ఉన్నాడు. దగ్గలేదు. గుమ్మంలో నిలబడి మొత్తం చదివాడు, గట్టిగా, నాకు వినబడేలా. "పెద్దమ్మమ్మ అరుస్తుంది గానీ మనిషిని వదిలెయ్యదు" అన్న ముక్క రెండుసార్లు చదివాడు. "ఎవర్రా అరిచేది?" అని అరిచాను. పైఅంతస్తు వాళ్లు కిందికి తొంగిచూశారు. అప్పుడు చెప్పాడు, ఫోన్లూ, రాంగ్ నంబర్లూ, కోసుకున్న వేళ్లూ, అన్నీ.

తిట్టానా? తిట్టాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా మనుషుల్ని పెట్టుకుని నా చోటుకే ఎసరు పెట్టావు కదరా అన్నాను. తర్వాత ఆయన చూపుడువేలు చూశాను. నాలుగు చోట్ల కోసుకుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా పక్కన కూర్చుని, ఆయన చీకట్లో కూర్చున్నాడని నేను ఒక్కసారి చూడలేదు. అది నా మీద నాకు కేసు. దాన్ని తర్వాత చూసుకుంటాను.

ఆయన వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్లాడు. తన లెక్క తనది కాదని చెప్పాడు. మేనేజరు నవ్వి, "ఇద్దరూ కూడబలుక్కున్నారా? రుజువేది?" అన్నాడు. రుజువు ఉందే! నువ్వు పాడుచేసింది ఇంకా పాడుగానే ఉంది కదా. సోమవారం పదకొండింటికి మేనేజరు లెక్క చూడ్డానికి కిందికి వస్తాడు. దొంగ దొరికేదాకా గది ఊడవకూడదు. పన్నెండు కొట్టేదాకా నువ్వు చెయ్యి పెట్టకు. పన్నెండు కొట్టాక ఒక్క నిమిషం ఆగకు.

పెద్దమ్మమ్మ

(పెద్ద అక్షరాలతోనే రాశానమ్మా. ఇట్లు తాళాలాయన.)


ఆఫీసు, కిటికీ బల్ల

పెద్దమ్మమ్మా,

సరిగ్గా పన్నెండు. గడియారం పెట్టుకున్నాను. అప్పటిదాకా ముట్టుకుంటే ఒట్టు.

ఒకటి ఒప్పుకోవాలి. నీ ఉత్తరం బల్ల మీద వదిలి నీళ్లకి వెళ్లాను. వచ్చేసరికి మా టీమ్ పెద్దావిడ చదువుతోంది. ఆవిడ కళ్లు తుడుచుకుని, "భోజనం వేళ చెయ్యక్కర్లేదు, అసలు పని ఇదే, కూర్చో" అంది. సాయంత్రం ఒక గొడుగు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు ఊచలు విరిగాయి. పార్సిల్ వేరేగా వస్తుంది. పట్టీ మీద జల్లెడ ఉండాలట.

గుండ్రంగా రాస్తున్నాను, చూడు.

కిటికీ పిల్ల


బజారు, గుమ్మం పక్క
సోమవారం, సాయంత్రం

నా తల్లీ,

ఇక్కడంతా కులాసా! రాయి నాయనా, ఇప్పుడు రాయి.

పదకొండింటికి మేనేజరు కాగితాలు పట్టుకుని దిగాడు. బయట వాన దంచుతోంది, మాకు కావాల్సినట్టే. బజారు మొత్తం చుట్టూ చేరింది. కండక్టరమ్మ డ్యూటీ మార్చుకుని మరీ వచ్చింది. నేను ఒక్క మాటే అన్నాను. "అయ్యా, మీ చేతిలో ఉన్న గొడుగు ఎవరు బాగుచేశారు?" ఆయన చూసుకున్నాడు. నేనే. నిరుడు వానల్లో, పిడి ఊడితే. "పట్టీ విప్పండి. దాని మీదున్నది మీ ఫోన్‌లో కొట్టండి."

కొట్టాడు. తాళాలు! ఫోన్ నిండా తాళాలు, తాళంచెవులు.

"తప్పు కొట్టినట్టున్నాను" అన్నాడు. మళ్లీ కొట్టాడు. తాళాలు. కళ్లజోడు తుడుచుకుని మూడోసారి, ఒక్కొక్క అక్షరం నోటితో చదువుతూ కొట్టాడు, జల్లెడ, గీత, పదిహేడు అని. ఆ మాట ఆయన నోట కూడా జల్లెడ అనే వచ్చింది చూశావా! మళ్లీ తాళాలే. కండక్టరమ్మ, "సార్, మీరు ఇల్లు తాళం వేసి వచ్చారా లేదా అని గుర్తుచేస్తోందేమో" అంది. బజారంతా పగలబడి నవ్వింది.

అప్పుడు తాళాలాయన లేచాడు. "అయ్యా, మీరు తప్పు కొట్టలేదు. నెల రోజులుగా నా పేజీకి వచ్చినవాళ్లంతా ఇలా వచ్చినవాళ్లే" అని తన ఫోన్ ఇచ్చి, ఫోన్ చేసినవాళ్లలో ఎవరికైనా చెయ్యమన్నాడు. మేనేజరు ఒక నంబరుకి చేశాడు. అవతలివాడు ఎత్తగానే, "ఏమయ్యా, ఇప్పటికైనా చెబుతావా, గొడుగులావిడ ఎక్కడ?" అన్నాడు, స్పీకర్లో. నా కొట్టు ముందు నిలబడి, నా గొంతుతో "ఇక్కడే ఉన్నాను, చావలేదు, రా!" అని చెప్పాను.

తర్వాత పన్నెండు దాకా ఆగాలి కదా. మేనేజరు వెళ్లబోయాడు. పోనివ్వలేదు. ఎలాగూ ఖాళీగా ఉన్నారని ఆయన గొడుగు పిడి మళ్లీ బిగించాను. పన్నెండు కొట్టింది. "ఇప్పుడు కొట్టండి" అన్నాను. "ఇప్పుడు మాత్రం ఏం మారుతుందమ్మా" అంటూనే కొట్టాడు.

నేను వచ్చాను. నా మొహం, నోరు తెరిచి ఎవరినో తిడుతున్న ఆ ఫోటో, పక్కన గొడుగులు. బజారంతా ఒకటే చప్పట్లు. అప్పుడు గుండ్రటి బాణం నొక్కమన్నాను. నొక్కాడు. నేను కదల్లేదు, అక్కడే ఉన్నాను. వెనక్కి బాణం నొక్కమన్నాను. అంతకుముందు ఏం చూస్తున్నాడో అక్కడికే వెళ్లాడు, ఎక్కడో అడవిలో పడలేదు. మళ్లీ ముందుకి నొక్కితే మళ్లీ నేను. "ఇలా ఉండాలి దారి అంటే" అన్నాడు మేనేజరు. "మా పిల్ల వేసింది" అన్నాను. వంక పెట్టలేరు అని కూడా అన్నాను. నెల రోజుల సంగతి అప్పుడు గుర్తుచెయ్యలేదులే.

గోడ మీది కాగితం ఆయనే చింపాడు. ఎవరి చోటు వాళ్లదే, మూడో అంతస్తుకి ఎవరూ పోనక్కర్లేదు. కానీ నా మీద నాకో కేసు ఉందన్నాను కదా. నా పెట్టె రెండు జానలు ఇటు జరిపాను. తాళాలాయన బల్ల గుమ్మం వెలుతుర్లోకి వచ్చింది. తలుపు దగ్గర తాళాలోడు కూర్చుంటే తప్పేముంది? సాయంత్రం దాకా వేలు కోసుకోలేదు.

ఒక్క సంగతి. మేనేజరు ఫోన్‌లో పైన అడ్రసు చూశాను. కొట్టినప్పుడు జల్లెడ ఉంది, నా పేజీ వచ్చేసరికి లేదు, ఉత్త గీత, పదిహేడు మిగిలాయి. నువ్వు చేసిందేనా? కాసేపు మనసు చివుక్కుమంది. తర్వాత అనుకున్నాను, పిండి జల్లించాక జల్లెడ తీసి గోడకి తగిలిస్తాం గానీ పిండితో కలిపి పిసకం కదా అని. బాగానే ఉంది. కానీ నేను మాత్రం కుట్టడం మానను. ఎర్ర దారం, నిలువు రెండు, అడ్డం రెండు. రేపు ఇంకో మెరుగు దిద్దాలనిపిస్తే దిద్దుకో. ఊళ్లో మూడువందల నలభై ఒక్క గొడుగులు తిరుగుతున్నాయని గుర్తుపెట్టుకుని దిద్దు. ఆ ఒకటి మీ పెద్దావిడది, రేపు పోస్టులో వేస్తాను.

నీ మీద కేసు కొట్టేశాను.

పెద్దమ్మమ్మ

(ఇక్కడ నేను ఒక్క లైను కూడా ఎక్కువ రాయలేదమ్మా. పక్కన కూర్చుని వేలితో లెక్కపెడుతోంది.)